దుంప కన్ను దగ్గరే కాపలా

బస్తాలోంచి తీసిన ఆలుగడ్డను ఒకసారి తిప్పి చూడండి. మొలక వచ్చే కన్ను దగ్గర నల్లటి రవ్వలాంటిది అంటుకుని ఉంటే లోపల దుంప తొలిచే పురుగు (పొటాటో ట్యూబర్ మాత్) ఉన్నట్టే. అది పురుగు విసర్జన. కోసి చూస్తే తొక్క కింద సొరంగాలు కనిపిస్తాయి. ఆ దారిలోనే కుళ్లు లోపలికి దిగుతుంది. పురుగు తిన్నది కొంచెమే అయినా దుంప మొత్తం పారేయాల్సి వస్తుంది.

దీని తల్లి సెంటీమీటరు పొడవుండే బూడిదరంగు రెక్కల పురుగు. దాని సొంత ఊరు ఆలుగడ్డ పుట్టిన చోటే, అంటే దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. మన దేశానికి 1906 ప్రాంతంలో, ఇటలీ నుంచి బొంబాయి వైపు తెచ్చిన విత్తన దుంపలతో వచ్చింది.

కోల్డ్ స్టోరేజీలో దీని ఆటలు సాగవు. 10 డిగ్రీల కంటే చల్లబడితే పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. కానీ అద్దె కట్టే స్తోమత అందరికీ ఉండదు. పైగా 2-4 డిగ్రీల చలిలో దుంపలోని పిండి చక్కెరగా మారి, వేయించిన చిప్స్ నల్లబడతాయి. అందుకే మధ్యప్రదేశ్‌లోని మాళ్వా, మహారాష్ట్ర, కర్ణాటకల్లో చాలామంది రైతులు చెట్టు నీడన కుప్పపోసి, గడ్డి కప్పి దాచుకుంటారు. ఎండలు ముదిరితే మాత్రం మూడు నాలుగు వారాలకే పురుగు కొత్త తరం తయారవుతుంది. ఒక్కో తల్లి వందకు పైగా గుడ్లు పెడుతుంది.

అసలు కుప్పలోకి పురుగు ఎలా వస్తుంది? చాలావరకు పొలం నుంచే. నేల ఆరి బీటలు వారితే తల్లి పురుగు ఆ సందుల్లోంచి దిగి దుంప మీద గుడ్లు పెడుతుంది. కాబట్టి బోదెలకు మట్టి బాగా ఎగదోసి, బీటలు పడకుండా తడి ఇవ్వాలి. తవ్విన దుంపలను రాత్రంతా పొలంలో వదిలేయకూడదు. ఈ పురుగులు తిరిగేది పొద్దుగూకాకే. ఎండ తగలకుండా ఆలు తీగలే కప్పడం చాలామందికి అలవాటు. మంచి ఉద్దేశమే కానీ, ఆకులో ఉన్న పురుగు ఆకు వాడగానే కింది దుంపలోకి దిగుతుంది.

ఇక నిల్వ. ధాన్యంలో వేపాకు, వావిలాకు వేయడం మనకు తెలిసిందే. ఆండీస్ రైతులు అలాగే మున్యా అనే పుదీనా జాతి ఆకును దుంపల మధ్య వేస్తారు. ఎండబెట్టిన లాంటానా అనే పొద ఆకులూ, నీలగిరి ఆకులూ ఈ పురుగును దూరం పెడతాయని పరిశోధనల్లో తేలింది. నాలుగు ఆకులు చల్లితే చాలదు. కుప్ప అడుగున, పైన రెండు మూడు సెంటీమీటర్ల మందాన పరవాలి. ఘాటు వాసన ఒక కాపలా, దుంప కన్ను దాకా పురుగును చేరనివ్వని ఆ పొర ఇంకో కాపలా. తినే సరుకు మీద పురుగుమందు చల్లడం కంటే నాకు ఇదే వెయ్యి రెట్లు నయమనిపిస్తుంది.

విత్తన దుంపలకు ఇంకో ఆయుధం ఉంది. ఈ పురుగుకు వచ్చే ఒక వైరస్‌ను పెరూ రాజధాని లిమాలోని అంతర్జాతీయ ఆలుగడ్డ పరిశోధన కేంద్రం పొడిగా తయారు చేయించింది. జబ్బుపడిన పురుగులను నూరి, టాల్కం పొడిలో కలిపి దుంపలకు పట్టిస్తారు. వైరస్ కణం చుట్టూ గట్టి ప్రొటీన్ పెంకు ఉంటుంది. పురుగు కడుపులోని క్షారానికి ఆ పెంకు కరిగి వైరస్ బయటపడుతుంది. కొన్నాళ్లకు పురుగు పాలలా తెల్లబడి చచ్చిపోతుంది. ఇలాంటి వైరస్‌లు మనుషులకు, పశువులకు అంటవు.

ఆడ పురుగు వాసనతో మగవాటిని రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు కూడా వాడతారు. అయితే వాటిలో పడేవి మగ పురుగులే. ఉధృతి ఎంతుందో తెలుసుకోవడానికి అవి చక్కగా పనికొస్తాయి, కానీ గుడ్లు పెట్టే తల్లి బయటే ఉంటుంది.

అన్నిటికంటే ఎక్కువగా మరిచిపోయేది పాత గోనెసంచులు. దుంప తిని ఎదిగిన పురుగు బయటికొచ్చి సంచి కుట్లలో, గోడ పగుళ్లలో గూడు కట్టుకుంటుంది. కొత్త సరుకు దించకముందే సంచులను మరిగే నీళ్లలో ముంచి ఎండలో ఆరేయాలి, పగుళ్లు మట్టితో మెత్తి పూడ్చాలి.