ఒంటిగంట పర్మిషన్: హైదరాబాద్ రాత్రుల వెనుక కథ

2024 జూన్‌లో హైదరాబాద్‌లో ఒక వీడియో అందరి ఫోన్లలో తిరిగింది. రాత్రిపూట పని లేకుండా రోడ్ల మీద కనిపిస్తే ఇక ఫ్రెండ్లీ పోలీసింగ్ ఉండదని, లాఠీ దెబ్బలు తప్పవని పోలీసులు మైకులో హెచ్చరిస్తున్న వీడియో అది. అప్పటికి నగరంలో వరుసగా హత్యలు జరిగాయి, పోలీసుల మీద ఒత్తిడి ఉంది. పదిన్నర, పదకొండుకల్లా షాపులు మూయించడం మొదలుపెట్టారు. ఇదే పని జూబ్లీహిల్స్‌లో చేయగలరా అని ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ అడిగారు. ఆగస్టులో గొడవ అసెంబ్లీ దాకా వెళ్లింది. మద్యం దుకాణాలు తప్ప మిగతా హోటళ్లు, షాపులు రాత్రి ఒంటిగంట వరకు తెరుచుకోవచ్చని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సభలో ప్రకటించారు.

చూడ్డానికి టైమింగ్స్ తగాదా. కానీ హైదరాబాద్ కళకళలాడే ఊరు, సంస్కృతి ఉట్టిపడే ఊరు అని మనం చెప్పుకునేదంతా చివరికి ఈ తగాదా దగ్గరికే వస్తుంది. రాత్రి బయట ఉండే హక్కు ఎవరికుంది? ఆ పర్మిషన్ ఇచ్చేవాడికి దాని వల్ల వచ్చేదేమిటి? ఈ ఊళ్లో ఈ ప్రశ్నలకు దాదాపు నాలుగు వందల ఏళ్ల వయసుంది.

17వ శతాబ్దం మధ్యలో గోల్కొండ రాజ్యానికి వచ్చిన ఫ్రెంచి రత్నాల వ్యాపారి తావెర్నియే ఇక్కడి సాయంత్రాల గురించి రాశాడు. చల్లబడే వేళకు వేశ్యలు తమ చిన్న ఇళ్ల గుమ్మాల ముందు నిలబడేవారట. చీకటి పడగానే దీపం పెట్టేవారు. సరిగ్గా అదే సమయానికి కల్లు దుకాణాలు తెరుచుకునేవి. దరోగా (నగర అధికారి) పుస్తకంలో ఇరవై వేల మందికి పైగా వేశ్యల పేర్లు ఉన్నాయని కూడా అన్నాడు. ఆ అంకెను నేను పూర్తిగా నమ్మను, విదేశీ యాత్రికులకు ఇలాంటి చోట చేయి కాస్త ఉదారంగా ఆడుతుంది. కానీ ఆయన చెప్పిన కారణం మాత్రం నమ్మేలా ఉంది. కల్లు మీద రాజుకు బాగా పన్ను వస్తుంది, అందుకే ఇదంతా సాగనిస్తున్నారు. రాత్రికీ ఖజానాకీ ఉన్న చుట్టరికం అప్పటిదే. ఎక్సైజ్ శాఖ లెక్కలు చూసేవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు.

నవాబుల కాలంలో కళ ఎక్కువగా గోడల లోపలే ఉంది. మహ్ లకా బాయి చందా లాంటి కవయిత్రి, గాయని గజల్ చెబితే వినే భాగ్యం దర్బారుకు, దివాణాలకు దక్కింది. బజారులో నడిచేవాడికి అందులో వాటా లేదు. అది వీధిలోకి రావడానికి ఇంకో వందేళ్లు పట్టింది. తెచ్చింది నవాబులు కాదు, ఇరానీ హోటళ్లు.

ఇరాన్ నుంచి బొంబాయి, పుణే మీదుగా వచ్చినవాళ్లు ఇక్కడ హోటళ్లు పెట్టారు. ఆబిడ్స్‌లోని గ్రాండ్ హోటల్ 1935 నాటిది. హుస్సేన్‌సాగర్ ఒడ్డున కరెంటు ఉత్పత్తి 1920లోనే మొదలైంది కాబట్టి, చీకటి పడ్డాక కూడా కూర్చోడానికి వెలుతురుకు లోటు లేదు. పాలరాతి బల్ల, చెక్క కుర్చీ, వన్ బై టూ చాయ్, నాలుగు ఉస్మానియా బిస్కెట్లు. ఇంతే పెట్టుబడి, ఎంతసేపు కూర్చున్నా లేవమనేవారు తక్కువ. ఆబిడ్స్‌లోనే ఉన్న ఓరియంట్ హోటల్‌లో కవి మఖ్దూం మొహియుద్దీన్ లాంటివాళ్లు, జర్నలిస్టులు, కమ్యూనిస్టులు, పెయింటర్లు చేరేవారు. ఏ సాంస్కృతిక శాఖా ఏర్పాటు చేసిన వేదిక కాదది. అక్కడ కవిత్వం నడవడానికి కారణం చాయ్ చవక కావడం, కుర్చీ ఖాళీ చేయమని ఎవరూ వెంటపడకపోవడం. నగరం సాంస్కృతికంగా బతికి ఉందా అని తేల్చాలంటే నేనైతే మొదట ఇదే చూస్తాను: జేబులో పెద్దగా డబ్బు లేని మనిషి రెండు గంటలు కూర్చోగల చోటు ఎక్కడైనా ఉందా? ఓరియంట్ ఇప్పుడు లేదు. నేల ధర పెరిగిన కొద్దీ మంచి మంచి మూలల్లోని ఇరానీ హోటళ్లు ఒక్కొక్కటే షోరూములకు, మందుల షాపులకు చోటిచ్చి తప్పుకున్నాయి.

కుటుంబాలతో సహా రాత్రి బయటికి వచ్చే అలవాటు చేసింది నుమాయిష్, అంటే ఏటా జరిగే ఎగ్జిబిషన్. 1938లో ఉస్మానియా పట్టభద్రుల చొరవతో పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్నగా మొదలై, 1946లో నాంపల్లి మైదానానికి మారింది. మామూలుగా జనవరి ఒకటిన మొదలై నెలన్నర నడుస్తుంది. కాశ్మీరీ శాలువా బేరం, మిర్చి బజ్జీ, జెయింట్ వీల్, తప్పిపోయిన పిల్లల గురించి మైకులో ప్రకటన, అన్నీ చీకటి పడ్డాకే.

మరి పదకొండుకు షట్టర్ దించే అలవాటు ఎప్పుడు గట్టిపడింది? నాకు తోచిన జవాబు కర్ఫ్యూ. 1978 మార్చిలో రాత్రి సినిమా చూసి వస్తున్న ఒక పేద మహిళను పోలీసులు పట్టుకెళ్లారు. నల్లకుంట స్టేషన్‌లో ఆమెపై అత్యాచారం జరిగింది, రిక్షా తొక్కే ఆమె భర్త పోలీసు దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమంది, కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. విచారించిన జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. సెకండ్ షో చూసి ఇంటికి వెళ్లడమే అనుమానించదగ్గ పని అనే చూపు అప్పటికే ఖాకీలో ఉంది. ఆ తర్వాత 1980లలో పదేపదే, 1990 డిసెంబరులో మరీ దారుణంగా మతకల్లోలాలు. పాతబస్తీలో ఒక తరం పిల్లలు కర్ఫ్యూ సడలింపు వేళలు లెక్కపెట్టుకుంటూ పెరిగారు. కర్ఫ్యూలు పోయినా పోలీసు విజిల్ మాత్రం మిగిలింది.

ఇంకోవైపు కొత్త రాత్రి తయారైంది. 1995లో ఎన్టీఆర్ పెట్టిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో పోయింది. 1998లో సైబర్ టవర్స్ మొదలైంది. అమెరికా గడియారం ప్రకారం పనిచేసే ఉద్యోగులు వచ్చారు. వాళ్ల వెనకే పబ్బులు, అర్ధరాత్రి బిర్యానీలు, మాదాపూర్, గచ్చిబౌలి రోడ్ల పక్కన తోపుడు బండ్లు వచ్చాయి. పేపర్లు నైట్‌లైఫ్ అన్నది పబ్బులనే. బండి దగ్గర నిలబడి దోసె తినేవాడిది మాత్రం ట్రాఫిక్ సమస్య.

ఈ తేడా చట్టంలోనూ ఉంది. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ఏడాదికి పదివేల రూపాయల ఫీజు కడితే దుకాణాలు 24 గంటలూ తెరుచుకోవచ్చని జీవో ఇచ్చింది. మాల్‌కు అది పెద్ద లెక్క కాదు. బండివాడు ఆ జీవోలో ఎక్కడా లేడు. అతని కోసం 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఉంది, సర్వే చేసి సర్టిఫికెట్ ఇవ్వకుండా తొలగించకూడదని అది చెబుతుంది. కానీ రాత్రి పదకొండుకు వచ్చిన కానిస్టేబుల్‌తో చట్టం సెక్షన్ మాట్లాడే బండివాణ్ణి ఎక్కడైనా చూశారా? మరోపక్క బార్లకు వారాంతంలో ఒంటిగంట దాకా అనుమతి ఉంది. తావెర్నియే చూసిన లెక్కే.

ఏడాదిలో ఒక్క నెల ఇదంతా తారుమారవుతుంది. రంజాన్‌లో తెల్లవార్లూ దుకాణాలు తెరుచుకోడానికి ప్రభుత్వమే అనుమతి ఇస్తుంది. పత్తర్‌గట్టీలో బట్టలు, లాడ్ బజార్‌లో లక్క గాజులు, మదీనా చౌరస్తాలో హలీం, ఉపవాసానికి ముందు తెల్లవారుజామున తినే సెహరీ వేళకు నహారీ అనే మాంసం పులుసు. హలీం మూలం బార్కస్ ప్రాంతంలో స్థిరపడ్డ యెమెన్ అరబ్బులు గోధుమలు, మాంసంతో వండే హరీస్. హైదరాబాదీ మసాలా పట్టించుకుని 2010లో భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకుంది. చివరి పది రోజుల్లో రాత్రి రెండింటికి చార్మినార్ దగ్గరికి వెళితే చంటిపిల్లల్ని ఎత్తుకున్న తల్లులు, వాళ్ల వెనకే ముసలమ్మలు ఆ తోపులాటలో బేరాలాడుతుంటారు. గణేశ్ నిమజ్జనం రాత్రి ట్యాంక్‌బండ్ మీదా అంతే. జనం ఉన్న రాత్రికి భయం తక్కువ.

ఈ సంగతి ప్రభుత్వాలకు ఎందుకో ఎక్కదు. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర యువ వెటర్నరీ డాక్టర్‌పై అత్యాచారం, హత్య జరిగాక, ఆర్టీసీ మహిళా ఉద్యోగుల డ్యూటీ రాత్రి ఎనిమిదికల్లా ముగియాలని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ చెప్పారు. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ కండక్టర్‌గా ఒక మహిళ ఉన్న బస్సులో ఎక్కడానికి ఇంకో మహిళకు ధైర్యం ఉంటుంది. ఆ ధైర్యాన్నే ఇంటికి పంపించారు. 2021లో ఆదివారాలు ట్యాంక్‌బండ్ మీద, తర్వాత చార్మినార్ దగ్గర వాహనాలు ఆపేసి రోడ్డును జనానికి వదిలినప్పుడు కుటుంబాలు ఎంతగా వచ్చాయో అందరూ చూశారు. అదీ కొన్నాళ్ల ముచ్చటే అయింది.

2024 ఆగస్టు ప్రకటనతో హోటళ్లకు ఒంటిగంట దొరికింది. మెట్రో మాత్రం పదకొండుకే, సిటీ బస్సులు అంతకన్నా ముందే పలచబడతాయి. హోటల్ కట్టేశాక గిన్నెలు కడిగి, బల్లలు తుడిచి బయటపడే కుర్రాడు రాత్రి రెండింటికి ఉప్పుగూడకో, బోరబండకో ఎలా వెళ్లాలన్నది ఆ ప్రకటనలో లేదు. అతను నడిచి వెళుతుంటే, ఎక్కడికి, ఎందుకు అని అడిగేది మైకులో హెచ్చరించిన ఆ పోలీసులే.