రెండు కళ్లూ తెరిచి ఉంటే దొరకని లోపం

ఒక కన్ను చిన్నప్పటి నుంచీ మసకగా ఉన్న పిల్లాడు ఆ సంగతి ఎవరికీ చెప్పడు. వాడికి తెలిస్తేగా! రెండోది బాగుంది కాబట్టి బంతి పట్టుకుంటాడు, బోర్డు చదువుతాడు. మెదడు మాత్రం స్పష్టమైన బొమ్మనే తీసుకుని, మసక బొమ్మను పక్కన పెట్టేస్తుంది. ఏళ్లు గడిస్తే ఆ కంటి చూపు ఎదగకుండా ఆగిపోతుంది. దీన్నే లేజీ ఐ అంటారు. మెల్లకన్ను వల్ల కూడా వస్తుంది. మెల్ల అదృష్టమని ఊరుకున్న ఇళ్లలో పోయేది ఈ చూపే.

బడిలో పరీక్షకు తలో దిక్కుకు తిప్పిన ఇంగ్లిషు 'ఈ' గుర్తుల చార్టు, కొలిచే టేపు, మంచి వెలుతురు చాలు. చార్టు పిల్లల కళ్ల ఎత్తులో, 6 మీటర్ల దూరంలో ఉండాలి. జిరాక్స్ చార్టును స్కేలుతో కొలిచి చూడండి: 6/9 వరుసలో (మామూలు చూపుకు 9 మీటర్ల నుంచి కనిపించే గుర్తులను 6 మీటర్ల నుంచి చూపించే వరుస) గుర్తు ఎత్తు సుమారు 13 మిల్లీమీటర్లు ఉండాలి.

ఒక కన్ను మూసి, రెండోదాన్ని విడిగా చూడాలి. ఎక్కువగా తప్పు జరిగేది ఆ మూసే దగ్గరే. వేళ్లతో మూస్తే సందుల్లోంచి చూస్తారు. గట్టిగా అదిమితే, తర్వాత ఆ కంటి వంతు వచ్చేసరికి కాసేపు మసకే. అరచేతిని దొప్పలా వంచి, నొక్కకుండా మూయాలి; చిన్నపిల్లలకైతే పెద్దవాళ్లే అట్టముక్క అడ్డం పెట్టడం మేలు. రెండో కంటికి గుర్తులు చివరి నుంచి అడగండి, లేకపోతే బట్టీపట్టింది అప్పజెప్పేస్తారు. బడి పిల్లల్లో ఏ కన్నయినా 6/9 వరుసను గుర్తించలేకపోతే కంటి డాక్టరు దగ్గరికి పంపాలి. కంటిపాపలో తెల్లటి మెరుపు కనిపిస్తే మాత్రం చార్టు సంగతి వదిలేసి వెంటనే తీసుకెళ్లాలి.

ఆసుపత్రిలో చుక్కలు వేసి మరీ పవర్ చూస్తారు. పిల్లల కంటి కటకాన్ని సర్దే కండరం బిగుసుకుని ప్లస్ పవర్‌ను దాచేస్తుంది. చుక్కలు ఆ బిగువును సడలిస్తాయి. ముందు అద్దాలు ఇస్తారు. కొందరికి కొన్ని నెలల్లో వాటితోనే చూపు మెరుగవుతుంది. చాలకపోతే ప్యాచ్, అంటే ఒక కంటిని మూసే అంటుడు పట్టీ. మధ్యస్థ లోపానికి సాధారణంగా రోజుకు 2 గంటలు, తీవ్రమైతే 6 గంటల దాకా.

ప్యాచ్ వేయాల్సింది బాగున్న కంటికి. బలహీనమైన కన్నే కదా అని దానికి అంటించేవాళ్లూ ఉన్నారు! అద్దం మీద కాదు, చర్మం మీదే అంటించాలి, లేకపోతే ముక్కు పక్క నుంచి తొంగిచూస్తారు. ఏడేళ్లలోపు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది, ఆ తర్వాతా ప్రయత్నించవచ్చు. గంటలు సొంతంగా పెంచకండి: మూసిన కంటి చూపు తగ్గే ప్రమాదం ఉంది. చూపు వచ్చిందని ప్యాచ్ మానేశాక కొందరిలో మళ్లీ జారుతుంది, కాబట్టి మొదటి ఏడాదంతా డాక్టరు పిలిచినప్పుడల్లా చూపించాలి.