చిత్తూరు నాగయ్య: గాయక నటుల కాలం ముగిసిన తీరు

చిత్తూరు వి. నాగయ్య చివరి రోజుల గురించి తెలుగువాళ్లు చెప్పుకొనే కథ దాదాపు ఒక్కటే. ఆయన చేతికి ఎముక లేని మనిషి అనీ, అడిగినవారికల్లా ఇచ్చి, ఆశ్రయించినవారికల్లా అన్నం పెట్టి, ఆఖరికి తానే ఇబ్బందుల పాలయ్యారనీ చెబుతారు. ఇందులో అబద్ధం లేదు. అయితే ఈ కథ వచ్చిన డబ్బు ఎటు పోయిందో చెబుతుందే గాని, ఆ రాబడి ఎందుకు తగ్గిపోయిందో చెప్పదు. నటుడిగా, గాయకుడిగా, సంగీత దర్శకుడిగా 1940లలో అందరికన్నా ముందున్న వ్యక్తి పదేళ్లు తిరిగేసరికి తండ్రి వేషాలకు ఎలా చేరారో తెలియాలంటే, ఆ కాలంలో తెలుగు సినిమా పాట ఎవరి చేతుల్లో నుంచి ఎవరి చేతుల్లోకి వెళ్లిందో చూడాలి.

1932లో ‘భక్త ప్రహ్లాద’ విడుదలై తెలుగు టాకీ మొదలైనప్పుడు నటులను, పద్యాలను, పాటలను అప్పగించింది నాటకరంగమే. కెమెరా ముందు నిలబడినవారే పాడాలి, వాద్యగాళ్లు కెమెరా కంట పడకుండా కూర్చుని వాయించాలి. కాబట్టి పాడలేనివాడు కథానాయకుడు కావడం ఆనాడు ఊహకు అందని విషయం. మైకు లేని నాటకశాలలో చివరి వరుస ప్రేక్షకుడికి కూడా వినపడేలా పైస్థాయిలో రాగం తీసి ‘వన్స్ మోర్’ కొట్టించుకోవడమే గొప్పగా ఉండేది. 1904లో గుంటూరు జిల్లా రేపల్లెలో పుట్టి, చిత్తూరు రామవిలాస సభ నాటకాల్లో పేరు తెచ్చుకున్న నాగయ్య ఆ సంప్రదాయం నుంచే వచ్చారు. కానీ మైకు దగ్గర గొంతు చించుకోనక్కరలేదని, మాట్లాడుతున్నంత సహజంగా, నింపాదిగా పాడితే భావం మరింత బాగా అందుతుందని గ్రహించిన తొలితరం వారిలో ఆయన ఒకరు. అంటే ఆయన ఎదుగుదల కూడా మారుతున్న అభిరుచి ఇచ్చినదే.

1938లో హెచ్.ఎం. రెడ్డి ‘గృహలక్ష్మి’తో వెండితెర మీదికి వచ్చినప్పుడు ఆయన వయసు 34. మరుసటి ఏడాది బి.ఎన్. రెడ్డి దర్శకత్వంలో వాహినీ వారి ‘వందేమాతరం’, ఆ తరువాత ‘సుమంగళి’, ‘దేవత’, కె.వి. రెడ్డి తొలిసారి దర్శకత్వం వహించిన ‘భక్త పోతన’ వరుసగా వచ్చాయి. వీటిలో నటన, గానం, సంగీతం ఒకే మనిషిలో కలిసిపోయాయి. పోతన పద్యం నాగయ్య గొంతులో విన్నవారికి పోతన అంటే నాగయ్యే అనిపించింది. 1946లో స్వయంగా నిర్మించి దర్శకత్వం వహించిన ‘త్యాగయ్య’, 1947లో ‘యోగి వేమన’ ఆ ప్రతిష్ఠను శిఖరానికి చేర్చాయి.

ఈ శిఖరం కింద నేల అప్పటికే కదులుతోంది. పాటను ముందుగా రికార్డు చేసి, చిత్రీకరణ సమయంలో నటుల చేత పెదవులు కదిలించే పద్ధతిని కలకత్తా న్యూ థియేటర్స్ వారు 1935లోనే ఆచరణలో పెట్టారు. 1938లో ఏ.వి. మెయ్యప్పన్ తమిళ ‘నందకుమార్’లో నటి ఒకరు, గొంతు మరొకరిది. తెలుగులో ఒకరి పాటను మరొకరి ముఖానికి జతచేసిన తొలి సందర్భంగా చెప్పుకొనేది 1943 నాటి ‘భాగ్యలక్ష్మి’, అందులో పాడినవారు రావు బాలసరస్వతీదేవి. ఆ చిత్రాన్ని నిర్మించినది నాగయ్య సొంత సంస్థ రేణుకా ఫిలిమ్స్. రెండేళ్లకు వచ్చిన ‘స్వర్గసీమ’లో కథానాయకుడూ, సంగీత దర్శకుల్లో ఒకరూ నాగయ్యే, అందులో భానుమతితో కలిసి పాడే అవకాశం దక్కిన కొత్త కుర్రవాడు ఘంటసాల వెంకటేశ్వరరావు. ‘యోగి వేమన’లో ఆ కుర్రవాడు చిన్న వేషంలో కనిపిస్తాడు కూడా. తన స్థానాన్ని అనవసరం చేయబోయే పద్ధతికీ, ఆ పద్ధతిలో మహాగాయకుడు కాబోయే మనిషికీ దారి ఇచ్చినవారిలో నాగయ్య ఉన్నారన్నది ఈ చరిత్రలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కదిలించే విషయం.

మార్పు 1948 తరువాత వేగం అందుకుంది. అంతవరకు తన పాటలు తానే పాడుకున్న అక్కినేని నాగేశ్వరరావుకు ‘బాలరాజు’లో ఘంటసాల గొంతు తోడైంది. 1949లో ‘మనదేశం’తో ఎన్.టి. రామారావు వచ్చారు, సంగీతం ఘంటసాలది, నాగయ్యది సహాయ పాత్ర. 1951లో ‘పాతాళభైరవి’, ‘మల్లీశ్వరి’ వచ్చాయి. ‘మల్లీశ్వరి’ దర్శకుడు, నాగయ్యను వాహినీ చిత్రాలతో నిలబెట్టిన బి.ఎన్. రెడ్డే. అందులో భానుమతి తన పాటలు తానే పాడుకున్నారు, రామారావుకు మాత్రం ఘంటసాల పాడారు. అప్పటికి రామారావుకు 28 ఏళ్లు, నాగయ్యకు 47. యవ్వనం, రూపం, చలాకీతనం ఒకచోట, సంగీతం మరొకచోట వెతుక్కుని రెంటినీ కలిపే వీలు నిర్మాతలకు చిక్కాక, రెండూ ఒకే మనిషిలో ఉండాలన్న నియమం పోయింది.

ప్రేక్షకులు కోరుకునే కథలు కూడా ఆ సమయంలోనే మారాయి. భక్తుల జీవితాలు, సంస్కరణ కథలు వెనక్కు వెళ్లి, జానపద సాహసాలు, ప్రేమకథలు, కుటుంబ హాస్యం ముందుకు వచ్చాయి. వాటికి కావలసింది యుగళగీతాలు, చురుకైన లయ. కీర్తననూ పద్యాన్నీ ఆగి ఆగి, అర్థం విప్పుతూ పాడే నాగయ్య శైలికి వాటిలో చోటు తక్కువ.

ఆయన నేపథ్య గాయకుడిగా ఎందుకు నిలదొక్కుకోలేదని అడగవచ్చు. ఘంటసాల స్వరం ఇద్దరు అగ్ర కథానాయకులకూ అతికింది, వయసుతో నిమిత్తం లేకుండా కుర్ర పాత్రలకూ పాడగలిగింది. నాగయ్య గొంతు వినగానే కళ్లముందు కనిపించేది నాగయ్యే. ఆయన్ను అంతటివారిని చేసిన గుణమే మరొకరికి పాడటానికి అడ్డయింది. భానుమతి ఒక్కరే ఇందుకు మినహాయింపుగా కనిపిస్తారు. ఆమెకు వయసు కలిసివచ్చింది, భరణీ సంస్థ సొంతంగా ఉంది, తన పాట తానే పాడాలన్న షరతును నిలబెట్టుకునే శక్తి దానివల్ల వచ్చింది.

సొంత చిత్రాలతో నిలబడాలని నాగయ్య కూడా ప్రయత్నించారు. 1953లో తెలుగు, తమిళ భాషల్లో తీసిన ‘నా ఇల్లు’ ఆదుకోలేదు. ఆ తరువాత ఏళ్ల తరబడి సాగిన ‘రామదాసు’ 1964లో, ఆయనకు 60 ఏళ్లు వచ్చాక విడుదలైంది. అందులో గుమ్మడి ధరించిన కబీరు పాత్రకు పాడటానికి బొంబాయి నుంచి మహమ్మద్ రఫీని పిలిపించారు. గాయక నటుల కాలానికి చివరి ప్రతినిధి తీసిన సినిమాకు కూడా నేపథ్య గాయకుడు అవసరమయ్యాడు. ఆ చిత్రం మెప్పు తెచ్చింది గాని అప్పుల నుంచి బయటపడేయలేదు. 1965లో పద్మశ్రీ వచ్చింది. ‘పాండురంగ మహాత్మ్యం’లో రామారావుకు తండ్రిగా చేసినట్లే, 1973 డిసెంబరు 30న మద్రాసులో కన్నుమూసేవరకు తండ్రులుగా, సాధువులుగా, గురువులుగా, తన స్థాయికి ఎంతో చిన్నవైన పాత్రలను సైతం కాదనకుండా నటిస్తూనే ఉన్నారు.