నల్లగొండ గాలి, ఆస్పత్రి రిజిస్టరు

జాతీయ శుద్ధ వాయు కార్యక్రమం 2019లో మొదలైనప్పుడు, గాలి ప్రమాణాలను అందుకోలేకపోయిన పట్టణాలలో హైదరాబాద్, పటాన్‌చెరులతో పాటు నల్లగొండ కూడా ఉంది. గడియారం స్తంభం దగ్గర లేచే దుమ్ము, లారీల పొగ, కోతల కాలంలో వడ్లు తూర్పార పట్టేటప్పుడు ఎగిరే పొట్టు అందరికీ కనబడేవే. ఆ గాలి వల్ల నిన్న రాత్రి ఎందరికి దమ్ము ఎక్కువైందన్నది మాత్రం కంటికి ఆనే విషయం కాదు, లెక్కలో తేలవలసినది.

ముందుగా గాలిని తూచాలి. చేతితో నడిపే కేంద్రంలో డాబా మీది యంత్రం నిమిషానికి సుమారు 1.1 ఘనపు మీటర్ల గాలిని లాగి, ముందే తూచి ఉంచిన తెల్లని వడపోత కాగితం గుండా పంపుతుంది. ఎనిమిది గంటల తర్వాత బూడిదరంగుకు తిరిగిన ఆ కాగితాన్ని తీసి, తేమను సరిచూసి, మళ్లీ తూస్తారు. పది మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు ధూళి మన దేశపు 24 గంటల పరిమితి అయిన ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాముల దగ్గర ఉన్న రోజున, కాగితం మీద చేరేది దాదాపు 53 మిల్లీగ్రాములు, అంటే రెండు మూడు బియ్యపు గింజల బరువు. ఇటువంటి కేంద్రాలలో వారానికి రెండు రోజులు, ఏడాదికి 104 రోజులు కొలవాలన్నది నియమం. ధూళి దెబ్బ ప్రధానంగా ఆ రోజు, మరునాడు కనిపిస్తుంది కనుక, కొలవని రోజుల్లో వచ్చిన రోగిని ఏ అంకెతోనూ ముడిపెట్టలేము.

హైదరాబాద్ సహా పది భారతీయ నగరాలలో 2008 నుంచి 2019 వరకు జరిగిన 36 లక్షల మరణాలను పరిశీలించి 2024లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 2.5 మైక్రాన్ల లోపు సూక్ష్మధూళి ఘనపు మీటరుకు 10 మైక్రోగ్రాములు పెరిగితే రోజువారీ మరణాలు 1.42 శాతం పెరిగాయి. లక్షన్నర జనాభా గల పట్టణంలో రోజుకు సగటున ముగ్గురు మరణిస్తారనుకుంటే, ఆ పెరుగుదల 0.04 మాత్రమే. ఒక రోజును చూసి దీన్ని పసిగట్టడం ఎవరి తరమూ కాదు. అందుకే చిన్న పట్టణాలకు మరణాల కంటే అత్యవసర విభాగానికి ఆయాసంతో వచ్చినవారి సంఖ్య, నెబులైజర్ పెట్టించుకున్నవారి సంఖ్య ఎక్కువ పనికొస్తాయని నా అభిప్రాయం.

అక్కడా ఒక మెలిక ఉంది. ఆదివారం ఓపీ ఉండదు కనుక సోమవారం రద్దీ పెరుగుతుంది. దానికి గాలి కారణం కాదు. చలికాలపు తెల్లవారుజామున నేలను ఆనుకున్న చల్లగాలి పైకి లేవక పొగను పట్టి ఉంచుతుంది గానీ, అదే చలి ఆస్తమాను కూడా రెచ్చగొడుతుంది, జలుబులూ అప్పుడే ముసురుతాయి. ఈ చిక్కును దాటడానికి పరిశోధకులు రోగిని మరొకరితో పోల్చరు. మంగళవారం ఆయాసంతో వచ్చిన మనిషి విషయంలో, అదే నెలలోని మిగతా మంగళవారాల గాలితో ఆ మంగళవారపు గాలిని పోల్చి, ఉష్ణోగ్రతను విడిగా లెక్కలోకి తీసుకుంటారు. మనిషి వయసు, బీడీ అలవాటు, వంటింటి పొగ ఒక నెలలో పెద్దగా మారవు కనుక అవి వాటంతట అవే పక్కకు పోతాయి.

ఇదంతా సాగాలంటే రిజిస్టరులో రోగి వచ్చిన తేదీ, వేళ, ఉండే వాడ, ఆయాసం మొదలైన రోజు ఉండాలి. ‘దగ్గు, దమ్ము, మందులిచ్చాము’ అన్న ఒక్క వరుస వైద్యానికి సరిపోతుంది గానీ, ఈ లెక్కకు చాలదు.