ఒకటో నంబర్లు ఎన్ని? సూపర్‌హీరో కామిక్స్ చిక్కు వెనుక కథ

తెలుగు డబ్బింగ్ పుణ్యమా అని స్పైడర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ మనకు బాగా తెలిసినవాళ్లైపోయారు. విజయనగరంలో డిగ్రీ చదివే కుర్రాడికైనా, పలాసలో ఇంటర్ చదివే అమ్మాయికైనా వాళ్ల కథలు పరాయివి కావు. అలా సినిమాలు చూసినవాళ్లలో కొందరికి కామిక్స్ కూడా చదవాలనిపిస్తుంది. కొందామని ఆన్‌లైన్లో వెతుకుతారు. అక్కడే ఆగిపోతారు. స్పైడర్‌మ్యాన్ అని కొడితే వందల పుస్తకాలు, వాటిలో ‘1’ అని వేసినవే బోలెడు. తెలిసినవాళ్లను అడిగితే తలో జాబితా చెబుతారు. అక్కడితో ఆసక్తి చల్లారిపోయినవాళ్లను చాలామందిని చూశాను. చూసినప్పుడల్లా బాధేస్తుంది, ఎందుకంటే లోపం వాళ్లది కాదు. ఎనిమిది దశాబ్దాలుగా ప్రచురణ సంస్థలు ఒకదాని మీద ఒకటి వేసుకుంటూ వచ్చిన ముడులివి. అవి ఎందుకు పడ్డాయో తెలిస్తే ఎక్కడ మొదలుపెట్టాలన్న టెన్షన్ చాలావరకు తీరుతుంది.

ముందు మన అలవాటు సంగతి చూద్దాం. 1947 జులైలో చందమామ మొదలైంది. శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య గారు దానికి ముఖచిత్రాలు వేశారు. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ల కోసం పిల్లలు నెలంతా ఎదురుచూసేవారు. సీరియల్ ఎంత సాగినా ఏదో ఒక నెల ‘సమాప్తం’ అని పడేది. వారపత్రికల సీరియళ్లూ అంతే. కాబట్టి మొదటి భాగం దొరికితే చాలు, కథంతా చేతికొచ్చినట్టేనని మనకో నమ్మకం. అమెరికా సూపర్‌హీరోల దగ్గర ఆ నమ్మకం పనిచేయదు. అక్కడ సమాప్తం లేదు.

ఎందుకు లేదంటే, హీరో రచయితది కాదు గనక. జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్లు సూపర్‌మ్యాన్‌ను సృష్టించి 1938లో 130 డాలర్లకు హక్కులు అమ్మేశారు. ఆ ఏడాదే యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో సూపర్‌మ్యాన్ జనంలోకి వచ్చాడు. సొంతదారు కంపెనీ కాబట్టి రాసేవాళ్లు మారతారు, బొమ్మలేసేవాళ్లు మారతారు, హీరో మాత్రం అమ్ముడుపోయినంత కాలం బతికే ఉంటాడు. 1939లో వచ్చిన బ్యాట్‌మ్యాన్‌దీ అదే దారి.

అయినా మొదటి 20 ఏళ్లలో కొత్తవాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. పది సెంట్లు పెట్టి ఏ సంచిక కొన్నా కథ అందులోనే మొదలై అందులోనే ముగిసేది. పిల్లలు కొన్నేళ్లు చదివి మానేస్తారని, వాళ్ల వెనక కొత్త పిల్లలు వస్తారని సంపాదకుల లెక్క. అందుకే పాత కథలనే కాస్త మార్చి మళ్లీ వేసేవారు. గతం ఎవరికీ గుర్తుండాల్సిన పని లేదు.

గతాన్ని కథలోకి లాక్కొచ్చిన సంచిక 1961లో వచ్చింది. ఫ్లాష్ అనే హీరో 1940లో ఒకసారి పుట్టాడు, పేరు జే గారిక్. ఆదరణ తగ్గి ఆగిపోయాక 1956లో, సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్‌ల సొంతదారైన డీసీ కంపెనీ అదే పేరుతో బ్యారీ అలెన్ అనే కొత్త మనిషిని పెట్టి మళ్లీ మొదలుపెట్టింది. మరి పాతవాడు ఏమైనట్టు? ఫ్లాష్ 123వ సంచికలో గార్డనర్ ఫాక్స్ దానికి జవాబు రాశారు. అట్ట మీద కార్మైన్ ఇన్ఫాంటినో వేసిన బొమ్మ చూస్తే మొత్తం అర్థమవుతుంది. మధ్యలో గోడ. ఒక మనిషి మీద ఇనుప దూలం పడబోతోంది. అతన్ని కాపాడటానికి గోడకు ఇటు ఒక ఫ్లాష్, అటు ఇంకో ఫ్లాష్ పరుగెత్తుకొస్తున్నారు, ఒకరు వస్తున్నట్టు మరొకరికి తెలియదు. లోపల కథలో బ్యారీ అనాథ పిల్లల ముందు ఒక విద్య చూపిస్తూ, ఒంటిని విపరీతమైన వేగంతో కంపింపజేస్తూ మాయమై ఇంకో భూమి మీద తేలతాడు. చిన్నప్పుడు తాను కామిక్స్‌లో చదివిన జే గారిక్ అక్కడ నిజంగానే ఉంటాడు, వయసు మళ్లి, పెళ్లాంతో కాపురం చేసుకుంటూ. ఎంత చక్కటి ఊహ! పాత కథలను కొట్టిపారేయకుండా వాటికీ ఒక లోకం ఇచ్చేశారు. కానీ ఆ తర్వాత భూములు పెరుగుతూ పోయాయి, ఏ హీరో ఏ భూమివాడో లెక్క పెట్టుకోవాల్సి వచ్చింది.

అదే ఏడాది డీసీకి పోటీ కంపెనీ మార్వెల్‌లో స్టాన్ లీ, జాక్ కిర్బీ ఫెంటాస్టిక్ ఫోర్ అనే నలుగురు హీరోల జట్టు కథలు మొదలుపెట్టారు. వీళ్ల దారి వేరు. హీరోలందరూ ఒకే న్యూయార్క్‌లో ఉంటారు, ఒకరి పుస్తకంలోకి ఒకరు వస్తారు. 1963లో అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ ఒకటో సంచికలోనే పీటర్ (స్పైడర్‌మ్యాన్ అసలు పేరు) డబ్బుకు ఇబ్బందిపడి ఫెంటాస్టిక్ ఫోర్ దగ్గరికి ఉద్యోగం అడగడానికి వెళ్తాడు, వాళ్లు జీతాలివ్వరని తెలిసి వెనక్కొస్తాడు. ఇంతకుముందు ఎక్కడ ఏం జరిగిందో బొమ్మ కింద చిన్న గడిలో సంపాదకుడు చెబుతుండేవాడు. అప్పట్లో అది భారం కాదు. మార్వెల్ పుస్తకాలను పంపిణీ చేసే సంస్థ పోటీదారైన డీసీ వాళ్లది. నెలకు సుమారు 8 పుస్తకాలకు మించి ఒప్పుకునేది కాదు, 1968 దాకా ఇదే పరిస్థితి. జేబు డబ్బులున్న పిల్లాడు నెలంతా వచ్చినవన్నీ కొని చదివేయగలిగేవాడు. ఆ కట్టు తెగాక పుస్తకాలు పెరిగాయి, పాత్రలు ఒకరింటికి ఒకరు వెళ్లే అలవాటు మాత్రం మిగిలిపోయింది.

నా దృష్టిలో అసలు మలుపు కథల్లో జరగలేదు, అమ్మకంలో జరిగింది. అంతవరకు కామిక్స్ పత్రికల బంకుల్లో, మందుల షాపుల్లో అమ్మేవారు. మిగిలినవి తిరిగి పంపేయొచ్చు. 1970లలో ఫిల్ సూలింగ్ అనే వ్యాపారి ఇంకో పద్ధతి తెచ్చాడు. షాపు ముందే ఆర్డరివ్వాలి, మిగిలినా వాపసు లేదు, బదులుగా డిస్కౌంటు ఎక్కువ. దాంతో కామిక్స్ మాత్రమే అమ్మే షాపులు లేచాయి. వాటికి వచ్చేది ప్రతి వారమూ వచ్చే అభిమాని. అతనికి గతమంతా కంఠస్థం. రచయితలు క్రమంగా అతని కోసమే రాయడం మొదలుపెట్టారు. దారిన పోతూ ఒక పుస్తకం తీసుకునే పిల్లాడు లెక్కలోంచి జారిపోయాడు. ఇప్పుడు విజయనగరంలో కూర్చున్న కొత్త పాఠకుడికి ఎదురవుతున్న గోడకు పునాది అక్కడే పడిందంటాను.

ఇల్లు సర్దుకోవాలని డీసీకే అనిపించింది. 1985లో మార్వ్ వుల్ఫ్‌మన్, జార్జ్ పెరెజ్ 12 సంచికల ‘క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్’ చేశారు. అన్ని భూములనూ కలిపి ఒకటి చేశారు. రెండు భూముల మధ్య దారి తెరిచిన బ్యారీ అలెన్ అందులోనే చనిపోయాడు. కొత్తవాళ్లకు దారి సుగమం చేయడమే ఉద్దేశం. పాఠకులకు మాత్రం ఇంకో ప్రశ్న మిగిలింది: ఇప్పటిదాకా చదివినవాటిలో ఏవి జరిగినట్టు, ఏవి జరగనట్టు? 2011లో డీసీ 52 పుస్తకాలను ఒకేసారి ఒకటో నంబర్‌తో మొదలుపెట్టింది. సూపర్‌మ్యాన్ గతం చెరిపేసి బ్యాట్‌మ్యాన్ గతం చాలావరకు ఉంచింది. 904 దాకా వచ్చిన యాక్షన్ కామిక్స్‌ను కూడా అప్పుడే ఒకటికి తెచ్చారు, 2016లో మళ్లీ 957 అని పాత లెక్కకు వెళ్లారు.

ఇక్కడ వ్యాపారం సూటిగా కనిపిస్తుంది. 1991లో మార్వెల్ వాళ్ల ఎక్స్‌మెన్ కొత్త ఒకటో నంబర్ ఐదు రకాల అట్టలతో వచ్చి దాదాపు 80 లక్షల ప్రతులు షాపులకు చేరింది. ముందు ముందు ధర పలుకుతుందని కొని దాచినవాళ్లే ఎక్కువ. ఆ బుడగ పేలి, 1996లో మార్వెల్ దివాలా పిటిషన్ వేసింది. ఒకటో నంబర్ అమ్ముతుందన్న పాఠం మాత్రం మరిచిపోలేదు. అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 1963 తర్వాత 1999, 2014, 2015, 2018, 2022, 2025లలో మళ్లీ మళ్లీ ఒకటి నుంచి మొదలైంది. వీటిలో చాలావాటికి వెనక కథ కొనసాగుతూనే ఉంది. అట్ట మీది అంకె షాపువాడి కోసం వేసింది, చదివేవాడి కోసం కాదు.

కొత్తవాళ్ల కోసమే మనసుపెట్టి చేసిన ప్రయత్నం 2000లో వచ్చిన అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్. 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో 11 పేజీల్లో చెప్పిన పుట్టుక కథను బ్రయన్ మైకేల్ బెండిస్, మార్క్ బాగ్లీ 7 సంచికలు తీసుకుని, ఈ కాలపు బడి పిల్లాడి కథగా చెప్పారు. వేరే లోకం, గతం బరువు లేదు. చాలామంది అక్కడే కామిక్స్‌లో అడుగుపెట్టారు. 15 ఏళ్లు గడిచేసరికి ఆ లోకానికీ బరువైన గతం తయారైంది, 2015లో మూసేశారు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? హరికథకు ఇంత పేరు తెచ్చిన ఆదిభట్ల నారాయణదాసు గారు విజయనగరం సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. ఈ ఊళ్లో రుక్మిణీ కల్యాణం హరికథకు కూర్చున్నవాళ్లెవరూ భాగవతంలో ముందున్న తొమ్మిది స్కంధాలు చదివి రాలేదు. ఒక కథకుడు, ఒక ఘట్టం, మొదలూ చివరా ఉన్న ఒక రాత్రి. సూపర్‌హీరో కామిక్స్‌ను కూడా అలాగే పట్టుకోవాలి. వెతకాల్సింది ఒకటో నంబర్‌ను కాదు. ఒక రచయిత మొదలుపెట్టి ముగించిన కథను.

బ్యాట్‌మ్యాన్‌కైతే నేను సందేహం లేకుండా చెప్పేది ‘ఇయర్ వన్’. ఫ్రాంక్ మిల్లర్ రాశారు, డేవిడ్ మజుకెల్లి బొమ్మలు వేశారు. 1987లో బ్యాట్‌మ్యాన్ పుస్తకంలో 404 నుంచి 407 దాకా వచ్చిన నాలుగు సంచికలే ఇది. చూడండి, మొదలుపెట్టడానికి ఇంత మంచి చోటుకు నంబర్ 404! జనవరిలో ఒకేరోజు ఇద్దరు గోథమ్ నగరానికి వస్తారు. పోలీసు గోర్డన్ రైల్లో, బ్యాట్‌మ్యాన్ కాబోయే బ్రూస్ వేన్ విమానంలో. డిసెంబరుకు కథ అయిపోతుంది. సగం కథ గోర్డన్‌దే కావడం నాకు మరీ ఇష్టం.

సూపర్‌మ్యాన్‌కు గ్రాంట్ మారిసన్, ఫ్రాంక్ క్వైట్లీ చేసిన 12 సంచికల ‘ఆల్‌స్టార్ సూపర్‌మ్యాన్’. మొదటి పేజీలో నాలుగే బొమ్మలు, ఒక్కో బొమ్మకు రెండేసి ఇంగ్లీషు మాటలు. నాశనమవుతున్న గ్రహం దగ్గర్నుంచి బిడ్డను దగ్గరికి తీసుకున్న దంపతుల దాకా అంతా అయిపోతుంది. రెండో పేజీ తిప్పేసరికి మీరు కథలో ఉంటారు.

అమ్మానాన్నల మాట దాటలేని ఇంట్లో పెరిగిన పిల్లలకు 2014లో వచ్చిన మిస్ మార్వెల్ ఇవ్వాలి. జెర్సీ సిటీలో పాకిస్తానీ కుటుంబంలోని కమలా ఖాన్ కథ ఇది, జి. విల్లో విల్సన్ రాశారు. పార్టీకి వెళ్లొద్దన్న నాన్నతో ఆ పిల్ల గొడవ చదువుతుంటే ఆ ఇల్లు శ్రీకాకుళంలో ఉన్నా ఒకటే అనిపిస్తుంది. స్పైడర్‌మ్యాన్‌కు 2024లో జోనథన్ హిక్‌మన్ మొదలుపెట్టిన కొత్త అల్టిమేట్ బాగుంది. పీటర్‌కు అప్పటికే పెళ్లయింది, ఇద్దరు పిల్లలు, శక్తులు ఇప్పుడొస్తాయి. ముందు ఏమీ తెలియక్కర్లేదు.

2018లో వచ్చిన అవెంజర్స్ సినిమా తెలుగు డబ్బింగ్‌లో రానా గొంతుతో విలన్ థానోస్‌ను విన్నవాళ్లు ముందుగా ‘ఇన్ఫినిటీ గాంట్లెట్’ అడుగుతారు. 1991లో వచ్చిన ఆ ఆరు సంచికలు తెరవగానే థానోస్ చేతికి అంతులేని శక్తినిచ్చే రాళ్లన్నీ వచ్చేసి ఉంటాయి, మధ్యలో వచ్చామనిపిస్తుంది. అవి ఎలా వచ్చాయో జిమ్ స్టార్లిన్ అంతకుముందు ఏడాది ‘థానోస్ క్వెస్ట్’ అని రెండు సంచికల్లో చెప్పారు. ముందు అది చదవాలి. ‘వాచ్‌మెన్’ను మాత్రం మొదటి పుస్తకంగా ఎవరికీ ఇవ్వను. ఈ హీరోల కథలనే నిలదీసే పుస్తకమది, కాబట్టి నిలదీసేదేమిటో తెలిశాక చదివితేనే దాని బలం అందుతుంది.

కొనేముందు వివరాల్లో ఒక చిన్న వరుస చూసుకోవాలి. కొన్ని సంచికలు కలిపి ఒక పుస్తకంగా వేస్తారు కాబట్టి, అందులో ఏ సంచిక నుంచి ఏ సంచిక దాకా ఉన్నాయో అక్కడ రాస్తారు. మొదటి పుస్తకం నచ్చితే రెండోది కొనేటప్పుడు ఆ అంకెలు కలుస్తున్నాయా, రచయిత పేరు అదేనా అని సరిచూసుకుంటే చాలు. పేరు మారినచోట ఆగిపోయినా పోగొట్టుకునేదేమీ లేదు.