మోరీ ఫిర్యాదు, లోకాయుక్త ఉత్తరం: 2016లో ఏం తెగింది?

మోరీ పొంగి నీళ్లు ఇంట్లోకి వచ్చాయని, కర్ణాటకలో ప్రభుత్వ అధికారుల మీద ఫిర్యాదులు విచారించే లోకాయుక్తకు రాస్తే ఏమవుతుంది? బెంగళూరులో కె.ఆర్.పురం, మహదేవపుర వైపు లేఔట్లలో ఉండే మన తెలుగువాళ్ల మధ్య ఈ ప్రశ్న మళ్లీ లేచింది. 2025 సెప్టెంబర్ 2న నగరపాలక సంస్థ బీబీఎంపీ పోయి ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. ఆ రెండు ప్రాంతాలూ తూర్పు కార్పొరేషన్‌లోకి వెళ్లాయి. పాత ఆఫీసు పేరు మీద పెట్టిన ఫిర్యాదుకు ఇప్పుడు ఎవరు జవాబు చెప్పాలన్నది ఒక గొడవ. అసలు రాసి ఏం లాభం అన్నది దానికన్నా పాత గొడవ.

1984 నాటి లోకాయుక్త చట్టం, 1986లో సంస్థ మొదలైన తీరు చాలామందికి తెలిసినవే. 2011లో అక్రమ గనులపై లోకాయుక్త ఇచ్చిన నివేదిక, దాని తర్వాత అప్పటి ముఖ్యమంత్రి యడియూరప్ప రాజీనామా గురించి బళ్లారి, అనంతపురం నుంచి వచ్చినవాళ్లకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. కానీ ఆ చట్టంలో ఉన్న ఒక తేడా చాలామందికి తెలియదు. ఇప్పటి గొడవకు అదే కీలకం.

లోకాయుక్త ముందుకు రెండు రకాల ఫిర్యాదులు వెళ్లొచ్చు. ఒకటి ఆరోపణ: లంచం అడిగాడు, పదవిని వాడుకున్నాడు అనేది. రెండోది ఇబ్బంది: పని చేయలేదు, ఆలస్యం చేశాడు, దాని వల్ల నాకు అన్యాయం జరిగింది అనేది. ఆరోపణకు ఐదేళ్ల గడువుంది. ఇబ్బందికి విషయం తెలిసిన రోజు నుంచి ఆరు నెలలే. రెండింటికీ నిర్ణీత ఫారం, దానితో అఫిడవిట్ ఉండాలి. ఖాతా (కార్పొరేషన్ పుస్తకాల్లో ఆస్తి నమోదు) విషయంలోలా అప్పీలుకు వేరే దారి ఉంటే, ముందు అక్కడికి వెళ్లారా అని అడుగుతారు. ఫిర్యాదు తీసుకున్నాక సంబంధిత అధికారి వివరణ కోరతారు. ఆ వివరణ మన చేతికి వస్తుంది, దానికి మనం జవాబు రాయాలి. ఇబ్బంది నిజమేనని తేలితే పై అధికారికి సిఫారసు వెళ్తుంది. గమనించాల్సింది ఇక్కడే. అది సిఫారసు, హుకుం కాదు. పాటించకపోతే గవర్నర్‌కు ప్రత్యేక నివేదిక పంపొచ్చు, అది చట్టసభ ముందుకు వస్తుంది. మోరీ పూడిక కోసం అంత దూరం వెళ్లేదెవరు?

మరి ఒకప్పుడు ఆ ఉత్తరానికి పనులు ఎలా జరిగాయి? 2001లో జస్టిస్ ఎన్.వెంకటాచల లోకాయుక్తగా వచ్చారు. 2006 వరకు ఉన్నారు. చెప్పకుండా ఆసుపత్రులకు, ఆఫీసులకు వెళ్లేవారు. జనం ఎదుటే అధికారిని నిలబెట్టి అడిగేవారు. చట్టంలో ఆయనకు కొత్తగా వచ్చిన అధికారమేమీ లేదు, అప్పుడూ సిఫారసే. కానీ ఉత్తరం రాసే చెయ్యి, దాడికి పోలీసులను పంపే చెయ్యి ఒక్కటే. మోరీ గురించి వివరణ అడిగిన ఆఫీసే రేపు తన ఇంటి తలుపు తట్టగలదని ఇంజినీరుకు తెలుసు. ఆ భయమే చిన్న ఫిర్యాదులకు అండగా నిలిచింది. తర్వాత వచ్చిన జస్టిస్ సంతోష్ హెగ్డే కాలంలోనూ అంతే.

ఈ రెండు చేతులూ 2016 మార్చి 14న విడిపోయాయి. ఆ రోజు సిద్ధరామయ్య ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చి అవినీతి నిరోధక దళాన్ని, అంటే ఏసీబీని పెట్టింది. అవినీతి కేసులు దానికి వెళ్లాయి. లోకాయుక్త పోలీసులకు అవినీతి కేసు కట్టే అధికారం పోయింది. ప్రభుత్వం చెప్పిన కారణాన్ని కొట్టిపారేయలేం. 2015లో అప్పటి లోకాయుక్త జస్టిస్ వై.భాస్కరరావు కుమారుడు, అధికారులను బెదిరించి డబ్బు అడిగిన ముఠాలో ఉన్నాడన్న ఆరోపణపై అరెస్టయ్యాడు. ఆ డిసెంబర్‌లో లోకాయుక్త రాజీనామా చేశారు. ఇల్లే కాలుతుంటే ఏదో ఒకటి చేయాలి, నిజమే. కానీ మంట ఆర్పడానికి బదులు ఇంట్లోని సామాను తమ చేతి కింద ఉండే ఇంకో ఇంటికి మార్చారు. ఆ సమయంలో లోకాయుక్త కుర్చీ కూడా ఖాళీ. 2017 జనవరిలో జస్టిస్ పి.విశ్వనాథ శెట్టి వచ్చేదాకా ఖాళీగానే ఉంది. అంతకుముందు 2011 సెప్టెంబర్ నుంచి 2013 ఫిబ్రవరి దాకా కూడా ఇదే పరిస్థితి.

అప్పట్లో చర్చంతా పెద్ద కేసుల గురించే. మోరీ గురించి రాసిన మనిషి సంగతి ఎవరికీ పట్టలేదు. నా ఉద్దేశంలో ఎక్కువ నష్టపోయింది ఆ మనిషే. మా వీధి విషయంలో నేనూ ఆ రోజుల్లో ఒక ఫిర్యాదు పెట్టాను. పూడిక తీసేశామని ఇంజినీరు వివరణ, దానికి ఒక ఫొటో. చూస్తే అది పక్క వీధి మోరీ. ఆ సంగతి చెబుతూ జవాబు రాశాను. మళ్లీ వివరణ, మళ్లీ జవాబు. ఈలోగా ఇంకో వానాకాలం వచ్చింది. అబద్ధం రాస్తే ఏమవుతుందన్న టెన్షన్ ఆ కాగితంలో ఎక్కడా కనబడలేదు.

2018 మార్చి 7న విశ్వనాథ శెట్టిని ఆయన ఆఫీసులోనే ఒకడు కత్తితో పొడిచాడు. తన ఫిర్యాదులు మూసేశారన్న కోపమట. ఆ పనిని ఎవరూ సమర్థించరు. కానీ ఫిర్యాదులు మూసేసే తీరుపై అప్పుడైనా జరగాల్సిన చర్చ జరగలేదు. లోకాయుక్తకు భద్రత సరిపోయిందా లేదా అన్నదాని దగ్గరే ఆగిపోయింది.

2022లో హైకోర్టు జడ్జి జస్టిస్ హెచ్.పి.సందేశ్ ఏసీబీని వసూళ్ల కేంద్రమని బాహాటంగా విమర్శించారు. ఆ ఆగస్టు 11న జస్టిస్ బి.వీరప్ప, జస్టిస్ కె.ఎస్.హేమలేఖ ధర్మాసనం ఏసీబీని రద్దు చేసి, పోలీసు అధికారాలను లోకాయుక్తకే తిరిగి ఇచ్చింది. ఆ వీరప్పే 2024లో ఉపలోకాయుక్తగా వచ్చారు.

అలా అధికారం వెనక్కి వచ్చింది. ఆరేళ్లలో అధికారులకు అయిన అలవాటు మాత్రం దానితో పోలేదు. పైగా 2020 సెప్టెంబర్ 10తో బీబీఎంపీ పాలకవర్గం గడువు ముగిసింది. 198 వార్డుల్లో ఎన్నికైన కార్పొరేటర్ లేడు. ఐదు కార్పొరేషన్లు ఏర్పడే నాటికి అలా ఐదేళ్లు గడిచాయి. వీధిలో కనబడితే నిలదీసి అడగడానికి మనిషి లేని ఆ ఐదేళ్లలో, కార్పొరేటర్ దగ్గర తేలాల్సిన పనులకు కూడా అఫిడవిట్ రాయించాల్సి వచ్చింది.

పని ఎక్కువ, సిబ్బంది తక్కువ, మాది సిఫారసే అని లోకాయుక్త వైపు నుంచి చెప్పుకోవచ్చు. అది అబద్ధం కాదు. ఫిర్యాదుదారులు అడుగుతున్నది కూడా పెద్ద కోరికేమీ కాదు: ఇంజినీరు వివరణ నమ్మి ఫైలు మూసే ముందు ఎవరైనా వచ్చి మోరీ చూడండి అని. చూడకుండా మూసిన ఫైలును వాళ్లు న్యాయంగా ఒప్పుకోలేకపోతున్నారు, నేనూ ఒప్పుకోలేను.

ఇంజినీర్లు, ఆఫీసులు ఐదు కార్పొరేషన్ల మధ్య మారిన వేళ, పాత ఫిర్యాదుపై వివరణ కోరుతూ వెళ్లిన ఉత్తరం ఏ బల్ల మీద ఉందో తెలుసుకోవడానికి జనం అంబేడ్కర్ వీధిలోని ఎం.ఎస్.బిల్డింగ్ మెట్లు ఎక్కుతున్నారు. కొత్తగా రాసేవాళ్లకు మాత్రం ఆరు నెలల లెక్క, నీళ్లు ఇంట్లోకి వచ్చిన రోజు నుంచే మొదలైపోయింది.