విమానానికి స్పేర్ ఇంజిన్: కొరాపుట్ వైపు వినిపించే అపోహలు, అసలు సంగతులు

జయపురం, సునాబెడా, రాయగడ తెలుగు ఇళ్ళల్లో ఇంజిన్ గురించి మాట్లాడేవాళ్ళకు కొదవ లేదు. విమానం ఇంజిన్ దింపాల్సి వస్తే బదులు ఇంజిన్ దొరకడానికి ఎయిర్‌లైన్లు ఒకదానితో ఒకటి, తయారీదారులతోనూ కుదుర్చుకునే స్పేర్ ఇంజిన్ ఒప్పందాల దగ్గరకొచ్చేసరికి మాత్రం సగం విన్న మాటలే ఎక్కువ.

అపోహ: పక్కనే సునాబెడాలో ఇంజిన్లు తయారవుతుంటే బయట వెతకడం, వెన్న చేతిలో పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరగడమే.

1964లో ఏర్పడిన సునాబెడా హెచ్‌ఏఎల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) ఇంజిన్ డివిజన్ చేసేవి యుద్ధవిమానాల ఇంజిన్లు. సుఖోయ్-30కి ఏఎల్-31ఎఫ్‌పీ, మిగ్-29కి ఆర్‌డీ-33. ఇవి ఆఫ్టర్‌బర్నర్ (వెనక అదనంగా ఇంధనం మండించి వేగం పెంచే భాగం) ఉన్న సైనిక ఇంజిన్లు, వీటి ధ్రువీకరణ దారి వేరు. ప్రయాణికుల విమానానికి బిగించే ఇంజిన్‌కి పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అంగీకరించిన టైప్ సర్టిఫికెట్ (ఆ డిజైన్‌కి ఆమోద పత్రం) ఉండాలి, ఆ విమానం సర్టిఫికెట్‌లో ఆ ఇంజిన్ పేరు ఉండాలి. కాబట్టి ఇక్కడ నెయ్యీ వేరు, వెన్నా వేరు.

అపోహ: ఒప్పందం ఉందంటే మన పేరు రాసిన ఇంజిన్ ఎక్కడో సిద్ధంగా ఉంటుంది.

అన్నిటికంటే ఖరీదైన అపోహ ఇదే. లెక్క చూడండి. మూడు ఎయిర్‌లైన్లకు తలా పది జంట ఇంజిన్ల విమానాలుంటే మొత్తం 60 ఇంజిన్లు. ఎవరి స్పేర్లు వాళ్ళు రెండేసి పెట్టుకుంటే ఆరు. పూల్‌లో, అంటే స్పేర్లను ఉమ్మడిగా వాడుకునే ఏర్పాటులో, కలిస్తే నాలుగుతో గడిచిపోవచ్చు. ఆ మిగిలిన రెండింటి డబ్బే పూల్ లాభం. కానీ అది ముగ్గురికీ ఒకే వారం అవసరం పడదన్న నమ్మకం మీద నిలిచిన లాభం. ఒప్పందం ఇచ్చేది ఇంజిన్ కాదు, వరుసలో చోటు. అందుకే సంతకానికి ముందు నాలుగు విషయాలు వెతకాలి: అడిగిన ఎన్ని గంటల్లో ఇస్తారు, ఏ ఊళ్ళో అప్పగిస్తారు, ఇద్దరు ఒకేసారి అడిగితే ఎవరు ముందు, ఇవ్వలేకపోతే ఏమిటి. నాలుగోదాని దగ్గర చాలా ఒప్పందాల్లో "సాధ్యమైనంత ప్రయత్నం చేస్తాం" అని ఉంటుంది. అది హామీ కాదు.

అందరికీ ఒకేసారి కొరత వస్తే ఏమవుతుందో 2023లో కనిపించింది. 2015 చివరినుంచి 2021 మధ్య తయారైన ప్రాట్ అండ్ విట్నీ గేర్డ్ టర్బోఫాన్ ఇంజిన్లలో తిరిగే డిస్కులను చేసిన లోహపు పొడిలో లోపం బయటపడింది. తనిఖీ కోసం ప్రపంచమంతా ఒకేసారి ఇంజిన్లు దింపాల్సి వచ్చింది, స్పేర్లు కరువయ్యాయి. అంతకుముందే ఇంజిన్ల కొరత గొడవలో మన దేశపు ఎయిర్‌లైన్ గో ఫస్ట్, ప్రాట్ అండ్ విట్నీ మీద సింగపూర్ ఆర్బిట్రేషన్‌కి (మధ్యవర్తి తీర్పుకి) వెళ్ళింది. ఏప్రిల్ 27 నాటికి 10, ఆపైన డిసెంబరు దాకా నెలకు పదేసి స్పేర్ ఇంజిన్లు ఇవ్వాలని ఆదేశం వచ్చింది. మే 2న ఆ సంస్థ దివాలా పిటిషన్ వేస్తూ ఇంజిన్లు రాకపోవడమే కారణమంది. ఆ ఆరోపణల్లో పసలేదని తయారీదారు కొట్టిపారేసింది. తప్పెవరిదన్నది పక్కన పెట్టండి, చేతిలో ఆదేశం ఉన్నా రెక్క కింద ఇంజిన్ లేదు.

అపోహ: విమానం మోడల్ ఒకటైతే ఇంజిన్ సరిపోతుంది.

ఎయిర్‌బస్ ఏ320నియోకి లీప్-1ఏ ఇంజిన్ ఉంటుంది, లేదా పీడబ్ల్యూ1100జీ ఉంటుంది. ఇంజిన్‌ని రెక్కకు వేలాడదీసే పైలాన్లే వేరు, ఒకదాని చోట ఇంకోటి వేలాడదు. ఒకే రకం ఇంజిన్‌లోనూ థ్రస్ట్ (తోపుడు శక్తి) రేటింగ్, కంట్రోల్ సాఫ్ట్‌వేర్, సర్వీస్ బులెటిన్ల (తయారీదారు సూచించిన మార్పుల) స్థాయి కలవాలి. తరవాత క్యూఈసీ కిట్, అంటే ఇంజిన్‌ని త్వరగా మార్చడానికి దానిమీద ముందే బిగించే సామాను: స్టార్టర్, జనరేటర్, హైడ్రాలిక్ పంపు, గొట్టాలు, వైరింగ్. వచ్చే ఇంజిన్ మీద వీటిలో ఏవి ఉన్నాయో పార్ట్ నంబర్ల జాబితా ముందే తెప్పించుకోండి. ఇన్‌లెట్ కౌల్ (ముందు గాలి లోపలికి వెళ్ళే చోటి కవచం) మామూలుగా దింపిన ఇంజిన్‌ది తీసి కొత్తదానికి వేస్తారు. పక్షి తగిలి దింపిన ఇంజిన్ అయితే ఆ కౌల్ కూడా దెబ్బతిని ఉంటుంది. దానికి విడిగా ఆర్డర్ పెట్టాలన్న సంగతి ఇంజిన్ దిగాక గుర్తొచ్చి, విమానం అలా నిలబడిపోవడం అరుదేమీ కాదు.

అపోహ: ఇంజిన్ బాగుంటే చాలు, కాగితాలు నెమ్మదిగా వస్తాయి.

కాగితాలు రాని ఇంజిన్ బరువైన ఇనుము, అంతే. సీఏ ఫారం 1 (వాడకానికి పనికొస్తుందన్న ధ్రువపత్రం) లేదా ఆమోదం ఉన్న సమానమైన పత్రం, ఎయిర్‌వర్దినెస్ డైరెక్టివ్‌ల (తప్పనిసరి భద్రతా ఆదేశాల) స్థితి, చివరి షాప్ విజిట్ (వర్క్‌షాప్ మరమ్మతు) రిపోర్ట్, ప్రమాదానికి గురికాలేదన్న ప్రకటన, బోరోస్కోప్ (లోపలికి దూర్చే సన్నని కెమెరా) ఫొటోలు కావాలి. అన్నిటికంటే ముఖ్యం ఆయుష్షు పరిమితి ఉన్న డిస్కులు, షాఫ్టుల పట్టిక. ప్రతి డిస్కుకూ పుట్టిన రోజునుంచి ఎవరి దగ్గర ఎన్ని సైకిళ్ళు (ఒకసారి ఎగిరి దిగితే ఒక సైకిల్) తిరిగిందో గొలుసు తెగకుండా ఉండాలి. మధ్యలో ఒక ఎయిర్‌లైన్ నుంచి ఇంకోదానికి మారినప్పటి లెక్క దొరకలేదా, ఆ డిస్కు చూడ్డానికి కొత్తగా మెరుస్తున్నా తీసెయ్యాల్సిందే. పూల్‌లో తిరిగే ఇంజిన్‌కి ఇంకో చిక్కు: ఎక్కువ థ్రస్ట్‌తో తిప్పినవాళ్ళు, తక్కువతో తిప్పినవాళ్ళు సైకిళ్ళు విడివిడిగా రాయాలి.

అపోహ: లారీలో వేసి సాలూరు ఘాట్ ఎక్కిస్తే జయపురం చేరుతుంది.

విమానం ఎక్కడ ఆగితే ఇంజిన్ అక్కడికే పోవాలన్నది నిజం. రెండు ఇంజిన్ల విమానాన్ని ఒకదానితో బయలుదేరనివ్వరు. సెస్నా కారవాన్ అనే చిన్న విమానానికి ఉన్నదే ఒక ఇంజిన్. ఆ పీటీ6 ఇంజిన్ చిన్నది, చిన్న వ్యాన్ చాలు. కానీ పద్ధతి పెద్ద ఇంజిన్‌కైనా చిన్నదానికైనా ఒకటే. ఆగి ఉన్న రోటర్ (ఇంజిన్‌లో తిరిగే భాగం) గతుకులకు అదే చోట అదిరి, రోలర్లు బేరింగ్ ట్రాక్ మీద గుంటలు చేస్తాయి. అది పైకి కనబడదు, వందల గంటల తరవాత ఆయిల్‌లో లోహపు రవ్వగా బయటపడుతుంది. అందుకే ఎయిర్ సస్పెన్షన్ బండి. పట్టీలు స్టాండ్ కింది చట్రానికే కట్టాలి. పైన ఇంజిన్ కూర్చున్న తొట్టెకి బిగిస్తే మధ్యలోని రబ్బరు షాక్ మౌంట్లు పనిచెయ్యవు. సుంకి, పొట్టంగి మలుపుల్లో బండి ఊగుతుందని భయపడి డ్రైవర్ చేసేది సరిగ్గా ఈ తప్పే. ముందూ వెనకా మూతలు గట్టిగా ఉండాలి, లేకపోతే ఎదురుగాలికి ఫ్యాన్ తిరిగి ఆయిల్ లేని బేరింగ్ అరుగుతుంది. దారిలో పడిన కుదుపులు నమోదు చేసే షాక్ లాగర్ రీడింగ్ చూసి, ఫొటో తీశాకే రసీదు మీద సంతకం.

విశాఖ గాలిలో ఇంజిన్‌ని నిలవ ఉంచితే ఇంకో పని: సంచి లోపలి తేమ కార్డు. 40 శాతం గడి నీలం పోయి గులాబీ అయితే డెసికెంట్ (తేమ పీల్చే పదార్థం) మార్చాలి.

అపోహ: బిగించినప్పటినుంచే అద్దె.

సాధారణంగా అప్పగించిన రోజునుంచే రోజువారీ అద్దె మొదలు. దాని పైన ఎగిరిన గంటకు, సైకిల్‌కు వేరే ఛార్జీ. కస్టమ్స్‌లో, ఘాట్ మీద గడిచిన రోజులు అద్దెకు తెచ్చుకున్నవాడి ఖాతాలోకే.

అపోహ: మన విమానానికి బిగించాక అది మనదే.

విమానాలు, ఇంజిన్ల మీది హక్కులను కాపాడే అంతర్జాతీయ కేప్‌టౌన్ ఒడంబడిక ప్రకారం కనీసం 1,750 పౌండ్ల థ్రస్ట్ లేదా 550 హార్స్‌పవర్ ఉన్న ఇంజిన్ తానే ఒక ఆస్తి. రెక్క కింద వేలాడినంత మాత్రాన యజమాని మారడు. మన దేశం 2008లో చేరింది, దానికి చట్టబలం ఇస్తూ 2025లో ప్రత్యేక చట్టం వచ్చింది. ఇంజిన్ మీద యజమాని పేరున్న పలక ఉంటుంది, దాన్ని తియ్యకూడదు.

తిరిగి ఇచ్చేటప్పుడు గొడవలు ఎక్కువగా బోరోస్కోప్ దగ్గరే. కంప్రెసర్ బ్లేడ్ అంచు మీది చిన్న నొక్కు ముందే ఉందా, మన దగ్గర పడిందా? తీసుకున్న రోజు ఇద్దరి ఎదుటా, ఒకే క్రమంలో, బ్లేడ్ నంబరుతో తీసిన వీడియో ఉంటే అయిదు నిమిషాల్లో తేలుతుంది. లేకపోతే రిపేరు బిల్లు మీకే. ఆఖరున పవర్ అష్యూరెన్స్ రన్ (తగినంత శక్తి ఇస్తోందా అన్న పరీక్ష), ప్రిజర్వేషన్ (తుప్పు పట్టకుండా భద్రపరచడం) చేసి, వచ్చిన స్టాండ్ మీదే, అన్ని మూతలతో పంపండి. స్టాండ్ మారినా, ఒక మూత తగ్గినా అప్పగింత పూర్తి కాలేదంటారు, అద్దె నడుస్తూనే ఉంటుంది.